ఏడాది జిమ్ ఫీజు ఒకేసారి కట్టాలా, ట్రెడ్‌మిల్ కొనాలా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం. నెలకు 68,000 చేతికొస్తుంది. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, ఆమెకు 22,000. ఇద్దరు పిల్లలు. ఫ్లాట్ ఈఎంఐ 31,000. ఆఫీసులో చేసిన హెల్త్ చెకప్‌లో నాకు హెచ్‌బీఏ1సీ అనే షుగర్ పరీక్షలో 6.1 వచ్చింది. డాక్టరు మందులు రాయలేదు, రోజూ వ్యాయామం చేయమన్నారు. ఇంటి దగ్గర జిమ్ వాళ్లు ఇద్దరికీ కలిపి ఏడాదికి 30,000 అంటున్నారు. పైన జీఎస్టీ 18 శాతం అట. ఈ ఆదివారం దాటితే 42,000 అవుతుందట. ‘జిమ్ ఎందుకు, ఇంట్లోనే చేసుకుందాం, ఆ డబ్బు మిగులుతుంది’ అని మా ఆవిడ అంటోంది. నాకేమో ఇంట్లో చేయాలంటే ట్రెడ్‌మిల్ ఉండాలనిపిస్తోంది. 48,000 పెట్టి కొనేది ఒకటి చూశాను, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉంది. ఈ మూడింటిలో ఏది చేస్తే డబ్బు ఆదా అవుతుంది? ఆఫీసు వాళ్లిచ్చిన 3 లక్షల హెల్త్ ఇన్సూరెన్స్ తప్ప మాకు వేరే పాలసీ లేదు.

జవాబు: ఆదివారం లోపు ఏమీ కట్టకండి. ఆఫర్ పోతుందని టెన్షన్ వద్దు. ఈ ఆదివారం పోయిన ఆఫర్ నెలాఖరుకు ఇంకో పేరు పెట్టుకుని వస్తుంది. అప్పటికీ రాకపోతే పండక్కి వస్తుంది.

వాళ్లు చెప్పిన 18 శాతం పాత రేటు. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్‌లు, యోగా కేంద్రాలు, సెలూన్ల సేవల మీద జీఎస్టీ 5 శాతమే. 30,000 మీద 5,400 కట్టాల్సిన చోట 1,500 కడితే సరిపోతుంది. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందో లేదో కూడా చూడండి. ఆ నంబరే లేని జిమ్ పన్ను పేరుతో ఒక్క రూపాయి తీసుకోకూడదు.

ఇక అసలు లెక్క. జిమ్ ఖరీదా, చవకా అన్నది ఏడాది ఫీజు చూస్తే తేలదు. ఒక్కసారి వెళ్లి వచ్చినందుకు ఎంత పడిందో చూడాలి. మీ ఇద్దరికీ పన్నుతో కలిపి 31,500. ఇద్దరూ వారానికి నాలుగు రోజులు ఏడాదంతా వెళ్తే మొత్తం 416 సార్లు, అంటే ఒక్కోసారికి 76 రూపాయలు. అంత ఏసీ, అన్ని మెషీన్లు ఉన్న చోటికి ఇది చాలా చవక. అదే ఇద్దరూ మూడు నెలలు వెళ్లి మానేస్తే ఒక్కోసారికి 300 దాటుతుంది. జిమ్ వాళ్లు రాసిన రేటు మారలేదు, మీరు మానేసిన రోజులే దాన్ని నాలుగింతలు చేశాయి.

మనమింతేలే అని నవ్వుకోకండి, అందరూ అంతే. అమెరికాలో స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మూడు జిమ్‌లలో 7,700 మందికి పైగా సభ్యుల హాజరు లెక్కలు చూసి 2006లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టేవాళ్లు సగటున నెలకు 4.3 సార్లే వెళ్లారు. అంటే ఒక్కోసారికి 17 డాలర్ల పైమాటే. అదే జిమ్‌లో పదిసార్లకు టికెట్లు కొనుక్కుంటే ఒక్కోసారికి పది డాలర్లే అయ్యేది. రేపటి నుంచి రోజూ వెళ్తామని నమ్మి, ఆ నమ్మకానికి డబ్బు కట్టారన్నమాట.

నేనూ ఆ బాపతే. 2020 జనవరిలో ఆఫీసు పక్కనున్న ఒక చిన్న జిమ్‌లో ఏడాదికి 14,000 ఒకేసారి కట్టాను. నెలనెలా కట్టేదానికంటే ఐదు వేలు తగ్గిందని మా ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆ జిమ్ మళ్లీ తెరవలేదు, ఫోన్ ఎత్తేవాడూ లేడు. ఇప్పుడక్కడ టిఫిన్ సెంటర్ ఉంది. నా 14,000కి కనీసం రెండు ప్లేట్ల ఇడ్లీ అయినా పెట్టమని అడగాలనిపిస్తుంది. ఇతరుల డబ్బుకి సలహాలు చెప్పే మనిషిని, ఆ రోజు ఆ జిమ్‌కి ఏడాది పాటు వడ్డీ లేని అప్పు ఇస్తున్నానని నాకే తట్టలేదు. ముందుగా కట్టిన డబ్బంటే అదే. ట్రైనర్ మారినా, మీకు బదిలీ అయినా, మోకాలు నొప్పి పట్టినా, షట్టర్ పడినా నష్టం మీదే. ఎప్పుడైనా అంతగా ఇరుక్కుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. కానీ ఆ ఫోన్ చేసే అవసరం రాకుండా చూసుకోవడం మేలు.

ట్రెడ్‌మిల్ సంగతి. నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ లేకుండా పోదు. బ్యాంకు తన వడ్డీ తాను వేస్తుంది. అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందే డిస్కౌంటుగా తగ్గించి చూపిస్తారు, అంతే. కార్డు వడ్డీ 16 శాతం అనుకుంటే, నెలకు 4,000 చొప్పున మీరు కట్టే 48,000లో వడ్డీ దాదాపు 3,900 ఉంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 700, మీ జేబులోంచే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఒకేసారి డబ్బు కట్టేవాళ్లకు దొరికే తగ్గింపు కూడా మీకు రాదు. ఇవన్నీ చిన్న మొత్తాలే, నా అభ్యంతరం వాటి గురించి కాదు. మీరు వారం రోజులైనా నడిచి చూశారా? డాక్టరు చెప్పింది వ్యాయామం చేయమని. దాన్ని మీరు ‘ఏదో ఒకటి కొనాలి’ అని విన్నారు. నేను వెళ్లిన ఇళ్లలో ఎన్నో ట్రెడ్‌మిల్స్ చూశాను. వాటి మీద తువ్వాళ్లు, పిల్లల యూనిఫాంలు ఆరుతుంటాయి. దండెం కావాలంటే 300 రూపాయలకే వస్తుంది.

ఇంట్లో చేసుకుందామన్న మీ ఆవిడ మాట డబ్బు లెక్కలో సరైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ, దాంతోపాటు వారానికి రెండు రోజులు కండరాలకు పని. మొదటిదానికి రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు వేగంగా నడిస్తే చాలు. రెండోదానికి మన పాత తాలింఖానాల్లో తీసిన బస్కీలు, దండీలు ఉన్నాయి. వాటినే ఇప్పుడు స్క్వాట్స్, పుషప్స్ అని ఫీజు తీసుకుని చేయిస్తున్నారు. దండీలు నేల మీద రాకపోతే గోడకు చేతులు ఆనించి మొదలుపెట్టండి. నీళ్లు నింపిన రెండు లీటర్ల సీసా రెండు కిలోల డంబెల్. లిఫ్ట్ మానేస్తే మీ అపార్ట్‌మెంట్ మెట్లే మెషీన్. హైదరాబాద్‌లో చాలా పార్కుల్లో జీహెచ్‌ఎంసీ వాళ్లు ఓపెన్ జిమ్‌లు పెట్టారు, ఇంటి దగ్గర ఉన్నదేదో చూసుకోండి. మీ కేసులో డబ్బు పెట్టాల్సిన వస్తువు ఒక్కటే, మంచి బూట్లు. దాని దగ్గర కక్కుర్తి పడకండి. అవి, ఒక మ్యాట్, రబ్బరు బ్యాండ్లు అన్నీ కలిపి 5,000 లోపు తేలిపోతాయి.

అయితే ఆమె చెప్పినంత సులువు కాదు. ఇంట్లో వ్యాయామానికి ఫీజు ఉండదు గానీ వేరే ఖర్చుంది. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా మీ ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించగలను. రెండు లంచ్ బాక్సులు, రెండు జడలో రెండు టైలో, స్కూలు వ్యాను హారను. ఆ గందరగోళంలో మీరు హాల్లో మ్యాట్ పరుచుకుంటే మీకు ఇబ్బంది లేదు, అందరూ పక్కనుంచి దాటుకుని వెళ్తారు. ఆమె పరుచుకుంటే మూడో నిమిషానికి ‘అమ్మా, నా సాక్సులెక్కడ?’ అని వినిపిస్తుంది. మీకు ఇల్లు విశ్రాంతి తీసుకునే చోటు. ఆమెకు స్కూలు తర్వాత రెండో డ్యూటీ. ఇంట్లో ఉండగా ఆమె చేతికి అరగంట దొరకాలంటే ఆ అరగంట పని ఇంకెవరో చేయాలి. ఆ ఇంకెవరో మీరే.

అందుకే, తర్వాత ఎప్పుడైనా ఒక్కరికే జిమ్ కట్టే పరిస్థితి వస్తే ముందు ఆమెను అడగండి. ఎవరూ పిలవని ఒక గంట కోసం నెలకు 2,000 కట్టడం దుబారా కాదని నా అభిప్రాయం. డబ్బు మిగులుతుందని ఆమె అనడం వెనక ‘నా కోసం ఖర్చు ఎందుకులే’ అన్న మాట ఉందేమో కనుక్కోండి. నా దగ్గరకొచ్చే చాలా ఇళ్లలో అది ఉంటుంది.

ఇప్పుడు ‘ఆ డబ్బు మిగులుతుంది’ అన్న మాట దగ్గరికి వద్దాం. ఎక్కడ మిగులుతుంది? జిమ్‌కి కట్టని 2,500 ఖాతాలో ఊరికే ఉంటే నెలాఖరుకల్లా బిర్యానీ ఆర్డర్లలో కలిసిపోతుంది, అప్పుడు డబ్బూ లేదు, వ్యాయామమూ లేదు. జీతం పడిన మర్నాడే పక్కకు తీయాలి. పోస్టాఫీసు ఆర్డీలో నెలకు 2,500 ఐదేళ్లు వేస్తే 6.7 శాతం వడ్డీ లెక్కన దాదాపు 1,78,000 చేతికొస్తుంది. మామూలుగా అయితే నేను అదే చెప్పేవాణ్ని. మీకు మాత్రం చెప్పను.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది జిమ్ ఫీజు కాదు, చివరి వాక్యం. నలుగురు మనుషులకు ఆఫీసిచ్చిన 3 లక్షల కవర్ ఒక్కటే ఉంది, అది కూడా ఉద్యోగం ఉన్నన్నాళ్లే. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్‌కు ముందు దశ అంటారు, మీరు మధ్యలో ఉన్నారు. ఇది షుగర్‌గా మారాక సొంత పాలసీకి వెళ్తే ప్రీమియం పెంచవచ్చు. ముందే ఉన్న జబ్బు కింద లెక్కకట్టి దానికి మూడేళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్ పెట్టవచ్చు, అంటే అన్నాళ్లూ ఆ జబ్బు ఖర్చు పాలసీ ఇవ్వదు. ఇప్పుడే 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ, తీసుకోండి. మీ వయసుకు ఏడాది ప్రీమియం ఇంచుమించు ఈ జిమ్ ఫీజు దరిదాపుల్లోనే ఉంటుంది. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద కూడా అదే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ పూర్తిగా తీసేశారు. దరఖాస్తులో 6.1 సంగతి రాయండి. ఏజెంటు ‘అది రాయక్కర్లేదు సార్’ అంటే ఏజెంటును మార్చండి. దాచిన సంగతి బయటపడేది మీరు ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడే. రోజూ ఇన్ని అడుగులు నడిస్తే రెన్యువల్‌లో ప్రీమియం తగ్గించే పాలసీలు కూడా కొన్ని ఉన్నాయి. కొనేముందు అది అడగండి. మీ నడకకు డబ్బులొచ్చే దారి నాకు తెలిసి అదొక్కటే. జిమ్ ఫీజుకు ఆదాయ పన్నులో మినహాయింపు లేదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ప్రీమియంతో పాటు హెల్త్ చెకప్‌కు ఆ పరిమితి లోపలే 5,000 వరకు వస్తుంది. కొత్త విధానంలో అదీ లేదు.

వ్యాయామం విషయానికొస్తే, సోమవారం నుంచి నడక మొదలుపెట్టండి. మూడు నెలలు, ఖర్చు బూట్లకే. గోడ క్యాలెండర్ మీద చేసిన రోజు టిక్కు పెట్టండి, మీవి నీలం, ఆమెవి ఎరుపు. మూడు నెలలే ఎందుకంటే హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల షుగర్ సగటును చూపిస్తుంది. ఆ తర్వాత ఒక పరీక్ష చేయించుకుంటే మీ నడక పనిచేసిందో లేదో అంకెలో కనిపిస్తుంది. మధ్యలో ఛాతీ బరువుగా అనిపించినా, మోకాళ్లు వాచినా ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

వారానికి నాలుగు టిక్కులు పడి, ఇక ఇంట్లో చేసేదానికంటే ఎక్కువ బరువులెత్తాలి, నేర్పే మనిషి కావాలి అనిపిస్తే అప్పుడు జిమ్‌లో చేరండి, నేనే చెబుతున్నాను. నెలవారీ కట్టండి, రేటు కాస్త ఎక్కువైనా సరే. ఆటో డెబిట్ మాత్రం పెట్టకండి, ప్రతి నెలా చేత్తో కడితే వెళ్లామో లేదో గుర్తుకొస్తుంది. ఆరు నెలలు అలా గడిచాక ఏడాది ఫీజు కట్టినా నేను అడ్డు చెప్పను. వారానికి ఒక్క టిక్కే పడితే? అప్పుడు చేరాల్సింది జిమ్‌లో కాదు. కింద ఫ్లోర్‌లో రోజూ నడిచే పెద్దాయన ఎవరో ఉంటారు, ఆయనకు చెప్పండి, ఆరింటికి తలుపు కొడతాడు.

ట్రెడ్‌మిల్ మీద మోజు అప్పటికీ తీరకపోతే మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు చూస్తుండండి. జనవరిలో ఉత్సాహంగా కొన్నవి వేసవి సెలవులకల్లా సగం ధరకు అమ్మకానికొస్తాయి. రెండు రోజులు వాడి చూసి కొంటామని అడగండి. చోటు ఖాళీ అయితే చాలనుకునేవాళ్లు ఒప్పుకుంటారు.