‘ఓ’ కణాల ట్యూబు మానకు

బుజ్జీ,

బ్లడ్ బ్యాంకులో ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. ల్యాబులో ముప్పై ఏళ్లు గడిపిన పెద్దనాన్నను కదా, ఊరుకోలేక రాస్తున్నా.

రక్తం గ్రూపు పరీక్ష కన్నా ముందు లేబుల్ చూడు. రక్తం తీసిన మంచం దగ్గరే ట్యూబు మీద పేరు, నంబరు పడాలి. చేరిన కొత్తలో నేను పక్కపక్క మంచాల వాళ్ల ట్యూబులు తారుమారు చేశాను. పాత రికార్డులో వేరే గ్రూపు ఉండబట్టి బయటపడింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

స్లైడు పద్ధతి క్యాంపుల వరకు పర్లేదు. నీలం రంగు యాంటీ-ఏ, పసుపు యాంటీ-బి, రంగులేని యాంటీ-డి ద్రావణాలు రక్తంలో ఒక్కో చుక్క వేసి, కలిపి, కణాలు దేనితో గుంపుకట్టాయో రెండు నిమిషాల్లో చూసేయాలి. ఆలస్యమైతే అంచులు ఎండి, కణాలు గుంపుకట్టినట్టే కనిపిస్తాయి. రక్తం ఎక్కించాల్సిన రోగికి మాత్రం ట్యూబులోనో జెల్ కార్డులోనో చెయ్యి. సెంట్రిఫ్యూజ్ నుంచి తీశాక ట్యూబును మెల్లగా కదిలించు. గట్టిగా ఊపావంటే బలహీనంగా కట్టిన గుంపు విడిపోతుంది, నెగెటివ్ అని రాసేస్తావు.

అసలు సంగతి రివర్స్ గ్రూపింగ్, అంటే రోగి సీరంను (గడ్డకట్టిన రక్తం పైన తేలే ద్రవం) గ్రూపు తెలిసిన కణాలతో కలిపి చూడడం. కణాలు చెప్పిన మాటే సీరం కూడా చెప్పాలి. ‘ఏ’ గ్రూపు మనిషి సీరం ‘బి’ కణాలను గుంపుకట్టించాలి, ‘ఏ’ కణాల జోలికి పోకూడదు. రెండూ పొసగకపోతే గ్రూపు రాయకు, మళ్లీ చెయ్యి. నెలల పిల్లల్లో సొంత యాంటీబాడీలు ఇంకా తయారై ఉండవు, వాళ్లకిది పనికిరాదు.

ఏ, బి కణాలు చాలు, ఓ కణాల ట్యూబు దండగ అనే సీనియర్లు తగులుతారు. తల ఊపు, వెయ్యడం మాత్రం మానకు. 1952లో భెండే బృందం బొంబాయిలో గుర్తించిన బాంబే గ్రూపు, కణాలతో చేసే ముందు పరీక్షలో అచ్చం ‘ఓ’ లాగే ఉంటుంది. వాళ్ల సీరం ఓ కణాలను కూడా గుంపుకట్టిస్తుంది, అప్పుడే దొరికిపోతుంది. ఆ ట్యూబు వెయ్యకుండా మామూలు ఓ రక్తం ఇచ్చామంటే ప్రాణం మీదికి వస్తుంది.

దాతకు యాంటీ-డి నెగెటివ్ వస్తే వెంటనే నెగెటివ్ అనేయకు. 37 డిగ్రీల దగ్గర ఉంచి, కూంబ్స్ రియాజెంట్‌తో (కణాలకు అంటుకున్న యాంటీబాడీలను బయటపెట్టే ద్రావణం) వీక్ డి, అంటే బలహీనంగా ఉన్న డి, ఉందేమో చూడు. అది పాజిటివ్ అయితే ఆ సంచి పాజిటివ్ కిందే లెక్క.

అన్నట్టు, తనది ఓ పాజిటివ్ అని మీ నాన్న గొప్పగా చెప్పుకుంటాడు. ఎప్పుడో కాలేజీ క్యాంపులో స్లైడు మీద చూసిన గ్రూపు అది. వీలు చూసుకుని ఓసారి నీ దగ్గరికి పిలిపించుకుని ట్యూబులో చూడు, ఓ కణాలతో సహా.

పెద్దనాన్న