గుర్రం మీంచి పడింది మామగారు, వేవర్ మీద సంతకం అల్లుడిది

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మేం శాన్ డియాగోలో ఉంటాం. గుంటూరు నుంచి వచ్చిన అత్తగారిని, మామగారిని గత నెల టెమెక్యులాలో ఒక కుటుంబం నడుపుకునే వైనరీకి తీసుకెళ్ళాం. ద్రాక్ష తోటల మధ్య గంటసేపు గుర్రపు స్వారీ, తర్వాత వైన్ టేస్టింగ్, అదీ ప్యాకేజీ. మేం వెళ్ళేసరికి ముందు బ్యాచ్ గుర్రాలు తిరిగి రాలేదు. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని వాళ్ళే టేస్టింగ్ మొదలుపెట్టి మూడు రకాలు పోశారు. ఆ తర్వాత గుర్రాలెక్కించారు. తిరిగొచ్చే దారిలో గైడ్ తన గుర్రాన్ని ఉన్నట్టుండి పరుగెత్తించాడు. వెనక ఉన్నవీ పరుగందుకున్నాయి. మామగారి జీను పక్కకు ఒరిగి ఆయన కింద పడ్డారు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఆయన వయసు 66. ప్రమాదం జరిగితే పరిహారం అడగబోమని రాసిచ్చే ఫారం, అదే వేవర్, అందరి తరఫునా నేనే ఫోన్‌లో నింపి సంతకం పెట్టాను. విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్ళు ఇంకా ఏదీ తేల్చలేదు. వైనరీ ఇన్సూరెన్స్ తరఫు మనిషి ఫోన్ చేసి 7,500 డాలర్లు ఇస్తామని, ముందు రికార్డు చేసే స్టేట్‌మెంట్ ఇవ్వమని అంటున్నాడు. తాగించి గుర్రం ఎక్కించినందుకు కేసు వేయాలని నా ఉద్దేశం. ఆ ఇంటివాళ్ళు ఆస్పత్రికి వచ్చి చూసి వెళ్ళారు, అలాంటివాళ్ళ మీద కేసేమిటని మా ఆవిడ అంటోంది. మామగారికి రెండు నెలల్లో తిరుగు ప్రయాణం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ‘తాగించి గుర్రం ఎక్కించారు’ అన్న మాట పక్కన పెట్టండి. మీకు అన్నిటికంటే బలంగా కనిపిస్తున్నది అదే. కాలిఫోర్నియాలో అన్నిటికంటే బలహీనమైన వాదనా అదే. మద్యం అమ్మినవాడు గానీ పోసినవాడు గానీ, తాగినవాళ్ళకు ఆ మత్తు వల్ల జరిగిన నష్టానికి బాధ్యుడు కాడని ఇక్కడి శాసనసభ 1978లోనే చట్టం చేసింది. బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్‌లో సెక్షన్ 25602 అది. 1971లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక బారు యజమానిని బాధ్యుణ్ణి చేస్తే, ఆ తీర్పును పనిగట్టుకుని తిరగరాసిన చట్టం. అప్పటికే తూలుతున్న మైనరుకు మళ్ళీ పోస్తే తప్ప అందులో మినహాయింపు దొరకదు. మీ మామగారికి 66. దావాలో మొదటి పేజీ నిండా వైన్ గురించి రాస్తే, అవతలి లాయరుకు సగం పని మీరే చేసిపెట్టినట్టు.

మీ కేసు ఉన్నది గుర్రం పొట్ట కింద. జీను జారకుండా అక్కడ ఒక పట్టీ బిగిస్తారు. జీను వేసేటప్పుడు చాలా గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి. కాసేపు నడిచి ఊపిరి వదిలాక పట్టీ వదులవుతుంది. అందుకే మనిషిని ఎక్కించే ముందు ఒకసారి, కొంత దూరం నడిచాక ఇంకోసారి పట్టీలో వేలు దూర్చి చూసి బిగించడం గుర్రాలవాళ్ళకు మొదటి పాఠం. బాగా బిగించిన జీను మనిషితో సహా పక్కకు ఒరగడం అరుదు. ముందు బ్యాచ్ ఆలస్యంగా వచ్చిందన్నారు. ఆ గుర్రాలనే హడావిడిగా మీకు ఇచ్చారా? ఎక్కే ముందు ఎవరైనా పట్టీ చూశారా? మధ్యలో ఆగారా? ఇవన్నీ గుర్తున్నంతవరకు ఈ రోజే కాగితం మీద పెట్టండి. మీ ఆవిడ, అత్తగారు ఎవరికి వాళ్ళు విడిగా రాయాలి. నలుగురూ కూర్చుని ఒకే కథగా కూర్చకండి. అలా కూర్చిన కథ కోర్టులో వెంటనే పట్టుబడుతుంది.

గుర్రం మీంచి పడిన ప్రతివాడికీ ఇక్కడ పరిహారం రాదు. 1993లో రోలింగ్ జె రాంచ్ మీద నడిచిన కేసులో, స్వారీ చేస్తున్న ఆమె జాకెట్ విప్పుకోబోతే గుర్రం బెదిరి పడేసింది. గుర్రం బెదరడం స్వారీలోనే ఉన్న ప్రమాదం, ఎక్కినవాళ్ళు దానికి సిద్ధపడే ఎక్కుతారని కోర్టు ఆమెకు ఏమీ ఇవ్వలేదు. 2008లో ఫైవ్ బ్రూక్స్ స్టేబుల్ కేసు దానికి ఎదురుగా నిలుస్తుంది. అందులో గైడ్ చెప్పాపెట్టకుండా తన గుర్రాన్ని పరుగెత్తిస్తే వెనక గుర్రాలన్నీ లంకించుకున్నాయి, ఒకామె పడిపోయింది. కింది కోర్టు కొట్టేసిన కేసును అప్పీలు కోర్టు బతికించింది. స్వారీలో సహజంగా ఉన్న ప్రమాదం వేరు, నడిపించేవాడు తన చేష్టతో పెంచిన ప్రమాదం వేరు అన్నది దాని సారం. మీరు రాసిన గైడ్ పరుగు అచ్చం అదే. అందుకే మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం వైన్ గురించినది కాదు, గైడ్ గురించినది.

ఇంకో మాట. చాలా రాష్ట్రాల్లో గుర్రాల యజమానులను కాపాడే ప్రత్యేక చట్టాలున్నాయి. టెక్సాస్‌లో అయితే ఆ చట్టం కింద హెచ్చరిక బోర్డు కూడా పెట్టాలి. కాలిఫోర్నియాలో అలాంటి చట్టం లేదు. డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో ఉన్న బంధువు ‘మా దగ్గర ఇలాంటి కేసు నిలవలేదు’ అంటే కంగారు పడకండి. ఇదే జవాబు చదివి వాళ్ళు అక్కడ దావా వేయకూడదు కూడా.

ఇక వేవర్. ఫోన్‌లో వేలితో గీసిన సంతకమూ చెల్లుతుంది, ఎలక్ట్రానిక్ కాబట్టి చెల్లదన్న ఆశ పెట్టుకోవద్దు. సరదా కోసం చేసే పనులకు రాయించుకునే వేవర్లను ఇక్కడి కోర్టులు మామూలుగా అమలు చేస్తాయి. మామగారికి ఇంగ్లిషు రాకపోయినా, ఆ వాదన కూడా దానంతటది పనికిరాదు. కొన్ని రకాల ఒప్పందాలకు అనువాదం ఇవ్వాలనే చట్టం కాలిఫోర్నియాలో ఉంది గానీ, అది స్పానిష్, చైనీస్, టాగలాగ్, వియత్నామీస్, కొరియన్ భాషలకే. తెలుగు అందులో లేదు, వేవర్లు ఆ కోవలోకి రావు.

కానీ ఆయన సంతకం పెట్టలేదు, మీరు పెట్టారు. అసలు మెలిక ఇక్కడుంది. తండ్రి మైనరు బిడ్డ తరఫున పెట్టిన సంతకం బిడ్డను కట్టిపడేస్తుందని కాలిఫోర్నియా కోర్టులు 1990లోనే చెప్పాయి. అల్లుడు మామగారి తరఫున పెట్టిన సంతకం అలా కట్టిపడేయదు. మైనరు కాని మనిషి తన హక్కు వదులుకోవాలంటే తానే సంతకం పెట్టాలి, లేదా నా తరఫున నువ్వు పెట్టు అని ఒప్పుకోవాలి. అవతలివాళ్ళు ఆ ఒప్పుకోలు ఉందని వాదిస్తారు. ఆయన పక్కనే ఉన్నారు, ఫారం నింపుతుంటే చూశారు, తర్వాత గుర్రం ఎక్కారు అంటారు. ఆ రోజు ఆయనకు మీరేం చెప్పారు? ‘ఏదో ఫారమండీ, నేను చూసుకుంటాను’ అన్నారా? చాలామంది అల్లుళ్ళలాగే మీరూ అంతే అని ఉంటే, అది మీ మామగారికి మేలు చేసే మాట.

మీకు మేలు చేయకపోవచ్చు. ఇలాంటి ఫారాల్లో తరచుగా రెండు వాక్యాలు దాగి ఉంటాయి. ఇతరుల తరఫున సంతకం పెట్టే అధికారం నాకుంది అని ఒకటి. ఆ ఇతరులు మా మీద కేసు వేస్తే ఆ ఖర్చు నేను భరిస్తాను అని ఇంకొకటి. రెండోది మీ ఫారంలో ఉంటే, మామగారు వైనరీ మీద వేసే దావాలో వైనరీ మిమ్మల్ని లాగవచ్చు. ఆ షరతు ఎంతవరకు నిలుస్తుందన్నది వాదించాల్సిన విషయమే గానీ, మీకూ ఆయనకూ ఒకే లాయరు పనికిరాకపోవచ్చు. బుకింగ్ ఈమెయిల్‌లో ఆ ఫారం కాపీ ఉంటుంది, తీసి ప్రతి పంక్తీ చదవండి. మీ ఇంటి ఇన్సూరెన్స్ లేదా రెంటర్స్ (అద్దె ఇంటివాళ్ళ) పాలసీ ఏజెంటుకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

వేవర్ చెల్లినా అన్నిటినీ కప్పెయ్యదు. స్వారీ నడిపేవాళ్ళ నిర్లక్ష్యాన్ని కూడా మాఫీ చేస్తున్నారని అందులో స్పష్టంగా ఉండాలి. ఫైవ్ బ్రూక్స్ కేసులో స్వారీ ప్రమాదాల గురించి పేజీ నిండా రాసి ఈ సంగతి స్పష్టంగా చెప్పలేదని కోర్టు ఆ కాగితాన్ని పక్కన పెట్టింది. స్పష్టంగా రాసినా, ఘోర నిర్లక్ష్యానికి మాఫీ లేదు. శాంటా బార్బరా నగరం నడిపిన వేసవి శిబిరంలో, ఎదుగుదల లోపం ఉన్న 14 ఏళ్ళ అమ్మాయి ఈత కొలనులో మునిగి చనిపోయింది. తల్లి వేవర్ మీద సంతకం పెట్టే ఉంది. మామూలు నిర్లక్ష్యాన్ని వదులుకోవచ్చు గానీ ఘోర నిర్లక్ష్యాన్ని ముందే వదులుకునే ఒప్పందం చెల్లదని 2007లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. పట్టీ చూడకపోవడం ఒక్కటే అయితే అది మామూలు నిర్లక్ష్యం దగ్గరే ఆగిపోవచ్చు. పట్టీ చూడకుండా, మొదటిసారి గుర్రమెక్కిన 66 ఏళ్ళ మనిషిని వెనక పెట్టుకుని పరుగెత్తించడం అయితే జ్యూరీ వినాల్సిన సంగతి అవుతుంది.

వైన్ సంగతి ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే అది మీ మీదికే తిరుగుతుంది. ఆయన మత్తులో అదుపు తప్పారని వాళ్ళు అంటారు. 1975 నుంచి కాలిఫోర్నియాలో తప్పును శాతాల్లో పంచుతారు. ఆయన తప్పు 20 శాతం అని జ్యూరీ అంటే పరిహారంలో 20 శాతం తెగుతుంది, కేసు పోదు. టేస్టింగ్‌లో ఒక్కో రకం సాధారణంగా ఒక ఔన్సు, అంటే సుమారు 30 మిల్లీలీటర్లు పోస్తారు. మూడు కలిపితే 90. ఇక్కడ ఒక గ్లాసు అని లెక్కేసేది దాదాపు 150. మామూలు మనిషికి దీంతో మత్తెక్కిందని నిరూపించడం వాళ్ళకంత తేలిక కాదు. (గుర్రం మీద ఉన్నాడు కదా, తాగి నడిపిన కేసు ఎలా పెడతారని నవ్వేవాళ్ళున్నారు. 2018లో లాంగ్ బీచ్ దగ్గర తాగి గుర్రంతో 91 ఫ్రీవే ఎక్కిన మనిషిని హైవే పోలీసులు పట్టుకున్నారు. రోడ్డు మీద జంతువునెక్కినవాడికీ వాహనం నడిపేవాడి నియమాలే. మీది తోట లోపలి దారి, ఆ బెడద లేదు.)

నా భయం వేరు. ఎమర్జెన్సీలో నర్సు ‘ఏమైనా తాగారా’ అని అడిగితే మీ ఆవిడ గానీ అత్తగారు గానీ ‘అబ్బే, ఆయనకు అలవాటు లేదు’ అని చెప్పారా? మన ఇళ్ళలో అలా చెప్పడం మామూలే, బంధువులకు తెలుస్తుందన్న బిడియం. ఆ జవాబు రికార్డులోకి ఎక్కుతుంది. పక్కనే రక్త పరీక్ష కాగితం ఇంకోటి చెబుతుంటే, మూడు చిన్న గుక్కల వైన్ పెద్ద అబద్ధంగా మారుతుంది. అలా చెప్పి ఉంటే మీ లాయరుకు మొదటి రోజే చెప్పండి. విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్ళకు ఇచ్చే కాగితాల్లో కూడా జరిగింది జరిగినట్టే ఉండాలి. మత్తుకు, సాహస క్రీడలకు మినహాయింపులు చాలా పాలసీల్లో ఉంటాయి. గుర్రపు స్వారీని ఏ గాటన కట్టారో మీ పాలసీ పుస్తకం చూస్తేనే తెలుస్తుంది. వాళ్ళు కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి, అప్పీలు గడువు దాటనీయకండి.

ఆస్పత్రి బిల్లు మీది కాదు, చేర్పించేటప్పుడు చెల్లింపు బాధ్యత నాదని సంతకం పెట్టి ఉంటే తప్ప. ఇన్సూరెన్స్ లేనివాళ్ళకు, తక్కువ ఆదాయం వాళ్ళకు ఆస్పత్రులు బిల్లు తగ్గించాలని కాలిఫోర్నియాలో 2006 నాటి చట్టం ఉంది. ఇప్పుడు దాని ఆదాయ పరిమితి ఫెడరల్ పేదరిక రేఖకు 400 శాతం దాకా. ఆ లెక్కలో రోగి కుటుంబమంటే ఆయన, భార్య, ఆధారపడ్డ పిల్లలు. అల్లుడి జీతం కలపరు. గుంటూరు పెన్షన్ కాగితాలు పట్టుకుని బిల్లింగ్ ఆఫీసులో ఆర్థిక సహాయం దరఖాస్తు అడగండి. అడిగేదాకా వాళ్ళకై వాళ్ళు చెబుతారని ఎదురుచూడకండి.

ఆ 7,500 చెక్కు ముట్టుకోవద్దు. దాంతో వచ్చే కాగితంలో సివిల్ కోడ్ సెక్షన్ 1542 పేరు ఉంటుంది. ఇప్పుడు తెలియని గాయాల హక్కునూ వదులుకుంటున్నానని దాని అర్థం. తుంటి ఆపరేషన్ అయినవాళ్ళకు ఏడాది తర్వాత మళ్ళీ ఏం అవసరమవుతుందో ఎవరికీ తెలియదు. అవతలి ఇన్సూరెన్స్‌కు స్టేట్‌మెంట్ ఇవ్వాల్సిన బాధ్యత మీకు లేదు. ‘లాయరుతో మాట్లాడి చెబుతాం’ అని ఫోన్ పెట్టేయండి.

మీ ఆవిడ మాటకు నా జవాబు: ఆ కుటుంబం ప్రీమియం కడుతున్నది ఇందుకే. చాలా చోట్ల తోట ఒకరిది, గుర్రాలు ఇంకొకరివి. టెమెక్యులా ద్రాక్ష సీమను రివర్‌సైడ్ కౌంటీ 2014లో వైనరీలకు, గుర్రాలకు, ఇళ్ళకు వేర్వేరు జోన్లుగా విడదీసింది కూడా. గైడ్‌కు జీతమిచ్చేది ఎవరు, గుర్రాల పాలసీ ఎవరి పేరున ఉందన్నది ముందు తేలాలి. మిమ్మల్ని చూడ్డానికొచ్చినవాళ్ళు అసలు ప్రతివాదులే కాకపోవచ్చు.

దావా వేయడానికి ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్ళ గడువు. ఆ దారి కౌంటీ స్థలంలోంచి పోతే, ప్రభుత్వానికి క్లెయిమ్ ఆరు నెలల్లోపే ఇవ్వాలి. ఈ వారం చేయాల్సింది మాత్రం ఒకటే: ఆ జీను, పట్టీ, ఆ రోజు గుర్రాల రిజిస్టరు, కెమెరా రికార్డింగులు దాచి ఉంచమని లాయరు చేత వైనరీకీ, గుర్రాలవాళ్ళకూ ఉత్తరం రాయించండి. రేపు వాళ్ళు మంచి మనసుతోనే ఆ పాత పట్టీ తీసి కొత్తది వేస్తారు, మీ సాక్ష్యం చెత్తబుట్టలో పడుతుంది.

మామగారు వెనక్కి వెళ్ళినా కేసు నడుస్తుంది. వీసా మీద వచ్చినవాళ్ళకూ దావా హక్కుంది. ఆయన ఇమిగ్రేషన్ హోదా గాయాల కేసులో సాక్ష్యంగా రాకుండా ఎవిడెన్స్ కోడ్ సెక్షన్ 351.2 అడ్డుకుంటుంది. కాకపోతే వాది రాష్ట్రం బయట ఉంటే, తాము గెలిచే అవకాశం ఉందని చూపించి ప్రతివాది ఖర్చులకు పూచీకత్తు కట్టించమని అడగవచ్చు. ఆ దరఖాస్తుకు మీ లాయరు సిద్ధంగా ఉన్నాడా అని అడగండి, తడబడితే ఇంకొకరిని చూసుకోండి. ఫీజు గెలిస్తేనే అనే పద్ధతిలో ఉంటుంది, సాధారణంగా మూడో వంతు, ఒప్పందం రాతలోనే ఉండాలి. ఆయన ప్రయాణించే స్థితిలో లేకపోతే, ఐ-94లో (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే రికార్డు) ఉన్న తేదీ దాటకముందే డాక్టరు ఉత్తరంతో ఐ-539, అంటే గడువు పొడిగించమనే దరఖాస్తు, వేయండి.

అత్తగారి గురించి మీరు అడగలేదు. భర్త గాయపడితే భార్యకు ఆ సాహచర్యం కోల్పోయినందుకు సొంత హక్కు ఉందని కాలిఫోర్నియా 1974 నుంచి ఒప్పుకుంటోంది. ఆవిడ కళ్ళ ముందే ఆయన పడి ఉంటే, ఆ మానసిక క్షోభకు అది ఇంకో హక్కు. లాయరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆవిడనూ వెంటబెట్టుకుని వెళ్ళండి, ఆవిడ మాట ఆవిడనే చెప్పనివ్వండి.