వీగన్ తిండితో పిల్లల తెలివి తగ్గుతుందా? మా బాబు విషయంలో జరిగింది చెబుతాను

మీ బాబుకి నాలుగేళ్లు, ఏడాదిన్నరగా ఇంట్లో అందరూ వీగన్, అంటే మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు కూడా ముట్టరని రాశారు. పాలు మానిపిస్తే పిల్లాడి బుర్ర ఎదగదని మీ అత్తగారు రోజూ అంటున్నారని, అందులో నిజం ఎంత ఉందని అడిగారు.

పాలు, గుడ్లు, చేపలు మానేసినంత మాత్రాన పిల్లల తెలివి తగ్గదండి. కానీ వాటితో పాటు పోయే విటమిన్ బి12ని వేరే దారిలో ఇవ్వకపోతే మెదడుకి దెబ్బ తగలడం నిజం. పిల్లలు ఎంత చిన్నవాళ్లయితే ఆ దెబ్బ అంత గట్టిగా ఉంటుంది. ఇది నాకు పుస్తకం చదివితే తెలియలేదు, మా ఇంట్లోనే జరిగింది.

మాది రాజోలు దగ్గర ఊరు. పుట్టిల్లు తణుకు వైపు. మాంసం, చేపలు నేను కాలేజీ రోజుల్లోనే మానేశాను. పాలు మానింది మాత్రం పెళ్లయ్యాక. ఒకసారి పుట్టింటికి వెళ్లినప్పుడు నాన్నగారి గేదె ఈని నెల తిరక్కుండానే దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే గేదె చేపదు కదా. అందుకని ఆ దూడ తోలు ఒలిపించి, లోపల గడ్డి కుక్కి కుట్టించి, పాలు పితికే వేళకి దాన్ని గేదె ముందు నిలబెట్టేవారు. గేదె దాన్ని నాకుతూ చేపేది. చిన్నప్పటి నుంచీ ఊళ్లో చూస్తున్నదే. కానీ ఆ రోజు ఆ గేదె నాలుక గడ్డి బొమ్మ మీద ఆడుతుంటే చూసి, ఇంక పాల చుక్క ముట్టలేకపోయాను. ఈ నిర్ణయం గురించి నేను ఈ రోజుకీ బాధపడను. దానితో పాటు తెలుసుకోవాల్సింది తెలుసుకోకపోయానే అన్నదే నా బాధ.

అప్పటికే మా పాపకి మూడేళ్లు. రెండేళ్ల తర్వాత బాబు కడుపున పడ్డాడు. చెకప్‌లకి సరిగ్గానే వెళ్లాను. ఐరన్, ఫోలిక్ యాసిడ్, క్యాల్షియం మాత్రలు ఇచ్చారు, మానకుండా వేసుకున్నాను. హిమోగ్లోబిన్ బాగుందన్నారు. బి12 గురించి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. తోటకూర, గోంగూర, పప్పు, ములగాకు అన్నీ తింటున్నాను, నాకేం తక్కువ అనుకున్నాను.

అసలు చిక్కు అక్కడే ఉందని తర్వాత అర్థమైంది. ఆకుకూరల్లోనూ మాత్రల్లోనూ ఉండే ఫోలిక్ యాసిడ్ వల్ల బి12 తక్కువగా ఉన్నా రక్తం బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. లోపల నరాలకి జరిగే నష్టాన్ని మాత్రం అది ఆపదు. పైగా పెద్దవాళ్ల లివర్‌లో బి12 నిల్వ కొన్నేళ్ల వరకు సరిపోతుంది కాబట్టి తల్లికి ఏ ఇబ్బందీ తెలియదు. కడుపులో బిడ్డకి అందేది కొద్దిపాటి నిల్వే. తల్లికే తక్కువగా ఉంటే అది కూడా అందదు, ఆ తర్వాత తల్లి పాలలోనూ తక్కువే వస్తుంది.

బాబు రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములతో పుట్టాడు. నాలుగో నెలలో నవ్వేవాడు, మెడ నిలిపాడు, బోర్లా పడేవాడు. ఆరో నెల దాటాక ఒక్కొక్కటీ మానేయడం మొదలుపెట్టాడు. పిలిస్తే చూసేవాడు కాదు. ఉగ్గు పెడితే నోట్లోనే ఉంచుకునేవాడు. మెడ మళ్లీ వాలిపోయేది. అందరూ మాత్రం "ఎంత బుద్ధిమంతుడో, ఏడుపే లేదు" అనేవారు. దగ్గర్లోని టౌన్‌లో ఒక డాక్టరుకి చూపిస్తే మగపిల్లలు కొంచెం ఆలస్యమేనని చెప్పి ఒక టానిక్ రాశారు. ఆ మాట నమ్మి ఇంకో ఆరు వారాలు పోగొట్టుకున్నాను.

గమనించింది మా అత్తయ్యగారు. పొద్దున్నే పెరట్లో వాడిని కాళ్ల మీద వేసుకుని లాల పోస్తూ, చెయ్యి తిప్పి చూసి నన్ను కేకేశారు. వేళ్ల కణుపుల మీద చర్మం నల్లగా, మసి పూసినట్టు ఉంది. సున్నిపిండితో రుద్దినా పోవడం లేదు. ఒళ్లంతా మంచి రంగులో ఉంటే ఆ కణుపులు మాత్రమే నలుపు. జుట్టు కూడా పల్చబడి, కొబ్బరి పీచు రంగులోకి తిరిగింది. "ఇది బుద్ధిమంతుడి లక్షణం కాదమ్మా, పిల్లాడికేదో అయింది, కాకినాడ తీసుకెళ్దాం పద" అన్నారు. ఆ మధ్యాహ్నమే ఎదుర్లంక వంతెన దాటాం.

కాకినాడలో పిల్లల డాక్టరుగారు వాడి వేళ్లు చూసి, వాడి గురించి అడగకుండా ముందు నన్ను అడిగారు: "మీరేం తింటారమ్మా?" చెప్పాను. వెంటనే ఇద్దరికీ రక్తం తీయించారు. బి12 కనీసం 200 ఉండాలంటే బాబుకి వందకి లోపు, నాకు 140 చిల్లర వచ్చాయి. ఇలా వేళ్లు నల్లబడి, పిల్లాడు మందగించి, చివరికి ఒళ్లు వణికే జబ్బుని మన దేశంలో డాక్టర్లు 1950ల నుంచే చూస్తున్నారట. ఇన్‌ఫంటైల్ ట్రెమర్ సిండ్రోమ్ అంటారు. ఎక్కువగా శాకాహారి తల్లుల పాలు మాత్రమే తాగుతున్న ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో కనిపిస్తుందన్నారు. అంటే పాలూ పెరుగూ తినే ఇళ్లలో కూడా వస్తుంది.

బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టిన మూడో రోజు వాడి పెదవులు, చేతులు వణకడం మొదలైంది. ఫిట్స్ అనుకుని నా ప్రాణం పోయినంత పనైంది. వైద్యం మొదలయ్యాక కొందరు పిల్లల్లో ఇలా వచ్చి తగ్గుతుందని డాక్టరుగారు చెప్పి మందు వేశారు. వారం లోపే బాబు తల తిప్పి ఫ్యాన్ వైపు చూశాడు. తర్వాత మా ఆయన మొహం చూసి నవ్వాడు. మూడు నెలలుగా చూడని నవ్వు అది.

వాడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఇరవయ్యో నెలలో నడిచాడు, మూడేళ్లు నిండుతుంటే రెండు మాటలు కలిపాడు, రెండేళ్లు స్పీచ్ థెరపీకి తిప్పాం. లెక్కలు బాగా చేస్తాడు. చదవడంలో తోటి పిల్లల కంటే నిదానం. త్వరగా పట్టుకుంటే చాలామంది పిల్లలు బాగా కోలుకుంటారు, ఆలస్యమైన కొద్దీ కొంత లోటు మిగిలిపోవచ్చు. ఆ ఆరు వారాలు నాకింకా గుర్తుకొస్తూనే ఉంటాయి.

ఇక మీ అసలు ప్రశ్న, తెలివితేటల సంగతి. నేను వెతికి వెతికి చదివిన వాటిలో మీకు పనికొచ్చేవి కొన్ని చెబుతాను. నెదర్లాండ్స్‌లో ఆరేళ్ల వయసు దాకా దాదాపు వీగన్ లాంటి మాక్రోబయోటిక్ తిండి మీద పెరిగిన పిల్లల్ని 10 నుంచి 16 ఏళ్ల వయసులో పరీక్షించారు. ఆ పరిశోధన 2000లో వచ్చింది. కొత్త సమస్యని ఆలోచించి విప్పే పరీక్షల్లో వాళ్లు మిగతా పిల్లల కంటే వెనకబడ్డారు. బి12 లోపం ఎక్కువున్న పిల్లల్లో ఆ తేడా ఎక్కువ. అప్పటికి వాళ్లు పాలు, గుడ్లు తినడం మొదలుపెట్టి కొన్నేళ్లయింది కూడా. చిన్నప్పటి లోటు తర్వాతి తిండితో పూర్తిగా తీరలేదన్నమాట. నన్ను బాగా కుదిపింది ఇదే.

కెన్యాలోని ఎంబు ప్రాంతంలో బడిపిల్లలకి వాళ్లు రోజూ తినే మొక్కజొన్న, చిక్కుళ్ల వంటకంలో కొందరికి మాంసం, కొందరికి నూనె కలిపి పెట్టారు, ఇంకొందరికి దాంతో పాటు పాలు ఇచ్చారు. రేవెన్ అనే తెలివితేటల పరీక్షలో మాంసం తిన్న పిల్లలు ముందుకెళ్లారు. పాలు తాగిన పిల్లలకి ఆ పరీక్షలో అంత లాభం కనిపించలేదు. ఆ పిల్లలు అప్పటికే సరైన తిండి లేక బి12, ఐరన్, జింక్ తక్కువతో ఉన్నవాళ్లు. కడుపునిండా పప్పూ కూరా తిని బి12 మాత్ర కూడా వేసుకునే పిల్లలకి దాన్ని నేరుగా అంటగట్టలేం. కానీ పాలే మెదడుకి మందు అనే మాట మాత్రం అక్కడ నిలబడలేదు.

బ్రిటన్‌లో 1970లో పుట్టినవాళ్ల లెక్కలు చూపించి, శాకాహారులకే తెలివి ఎక్కువని కొందరు వాదిస్తారు. అక్కడ తేలింది వేరు. పదేళ్లప్పుడు ఐక్యూ ఎక్కువ ఉన్న పిల్లలు ముప్పై ఏళ్లకి శాకాహారులయ్యే అవకాశం ఎక్కువ. తెలివి ముందు, తిండి తర్వాత. జర్మనీలో వీగన్ చిన్నపిల్లల మీద చేసిన పరిశోధనలో ఎత్తు, బరువు మిగతా పిల్లలతో సమానంగానే ఉన్నాయి, కానీ అందులో తెలివిని కొలవలేదు. అక్కడి పోషకాహార సంఘం 2016లో పిల్లలకి, గర్భిణులకి వీగన్ వద్దంది. 2024లో ఆ మాట మార్చి, వద్దనీ కావాలనీ చెప్పకుండా, పాటిస్తే బి12 తప్పనిసరి అంది.

మన దగ్గర ఇంకో సంగతి చూడండి. 2016-18లో దేశమంతా పిల్లల పోషణ మీద చేసిన సర్వేలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 14 శాతం మందికి, టీనేజీ పిల్లల్లో 31 శాతం మందికి బి12 లోపం ఉంది. వాళ్లలో ఎక్కువమంది వీగన్లు కారు. కాబట్టి మీ అత్తగారితో వాదన పెట్టుకునే కంటే, "రక్తం చూపిద్దాం అత్తయ్యగారూ" అనండి. మా ఇంట్లో గొడవ ఆగింది ఆ కాగితంతోనే.

బి12 విషయంలో ఇంట్లో వినిపించే చిట్కాలు నమ్మకండి. చద్దన్నంలో ఉందంటారు, స్పిరులినాలో ఉందంటారు. పులిసిన అన్నం మీద ఆధారపడేంత బి12 ఉండదు. స్పిరులినాలో ఉన్నదాంట్లో చాలా వరకు మన ఒంటికి పనికిరాని రకం. మాత్ర, చుక్కలు, లేదా బి12 కలిపిన ఆహారం, ఇవే దారులు. పిల్లల మోతాదు డాక్టరుని అడిగే తీసుకోండి, వారానికి ఒకసారి వేసే పద్ధతి కూడా ఉంది.

కోనసీమలో ఇంకో పొరపాటు చూస్తుంటాను. పాలు మానేసినవాళ్లు పిల్లలకి కొబ్బరి పాలు పడతారు. చెట్టు పెరట్లోనే ఉంది, తెల్లగా ఉంటాయి, పేరు కూడా పాలే. కానీ వాటిలో ఉండేది ఎక్కువగా కొవ్వు. మాంసకృత్తులు తక్కువ, క్యాల్షియం ఇంకా తక్కువ. కూరలో పోసుకోండి, గ్లాసులో పోసి పాలకు బదులు ఇవ్వకండి. క్యాల్షియం, బి12 కలిపిన సోయా పాలు నయం. ఏడాది లోపు బిడ్డకైతే తల్లి పాలు, అవి చాలకపోతే డాక్టరు చెప్పిన ఫార్ములా తప్ప ఈ పాలేవీ పనికిరావు.

క్యాల్షియానికి మా ఇంట్లో రాగిజావ, చిమ్మిలి. నువ్వులు, బెల్లం రోట్లో దంచి ఉండ కడితే మా పిల్లలు అడిగి మరీ తింటారు. ఐరన్ కోసం పప్పు, ఆకుకూర మీద నిమ్మకాయ పిండండి, లేదా తర్వాత జామకాయ ముక్క పెట్టండి. సి విటమిన్ ఉంటే ఐరన్ బాగా పడుతుంది. అన్నంతో పాటు టీ తాగే అలవాటు పెద్దవాళ్లకి కూడా మాన్పించండి. పసిపిల్లల మెదడుకి ఐరన్ కూడా బి12 అంత ముఖ్యం.

అయోడిన్ సంగతి చాలామంది మర్చిపోతారు. ఆరోగ్యమని సైంధవ లవణానికి మారే ఇళ్లు ఎక్కువయ్యాయి. చేపా పాలూ కూడా లేని ఇంట్లో అయోడిన్ వచ్చేది ఉప్పు ప్యాకెట్ నుంచే. కాబట్టి మామూలు అయోడైజ్డ్ ఉప్పే వాడండి. చేపల్లో ఉండే డీహెచ్‌ఏ అనే కొవ్వుకి, నాచు నుంచి తీసిన నూనె క్యాప్సూల్స్ దొరుకుతున్నాయి. నిజానికి చేపలకి కూడా అది వచ్చేది నీళ్లలోని నాచు నుంచే. అవిసె గింజల్లో ఉన్నది ఒంట్లో డీహెచ్‌ఏగా మారేది చాలా కొద్దిగా.

మా పాప పన్నెండేళ్లప్పుడు తనంతట తానే పాలు మానేసింది. ఆదివారం పొద్దున్న ఇద్దరం కలిసి బి12 మాత్ర వేసుకుంటాం. పోయినసారి దానికి 480 వచ్చింది, చదువులో ఏ లోటూ లేదు. బాబుకి మాత్రం అత్తయ్యగారు రోజూ గుడ్డు పెడతారు, నేను అడ్డు చెప్పను. వాడి కణుపులు చూసింది ఆవిడే.

మీ బాబుకి ఈ వారమే బి12, సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ డి పరీక్షలు చేయించండి. రక్తం ఇచ్చే దాకా బి12 మాత్ర మొదలుపెట్టకండి, రీడింగు ఎక్కువ చూపించి లోపం దాగిపోతుంది. రక్తం ఇచ్చిన రోజు నుంచే డాక్టరుని అడిగి మొదలుపెట్టొచ్చు. వచ్చిన మాటలు తగ్గడం, నీరసం, కణుపులు నల్లబడడం ఏది కనిపించినా వారం కూడా ఆగొద్దు, రేపే వెళ్లండి. రెండో బిడ్డ ఆలోచన ఉంటే మీ రక్తం కూడా అదే రోజు ఇచ్చేయండి.