సైలెన్సర్ బోల్టు తీయబోయి ఇంజిన్ హెడ్ పాడైతే కొత్త హెడ్ కొనాల్సిందేనా?

మీ బైక్ సైలెన్సర్‌ని ఇంజిన్ హెడ్‌కి (సిలిండర్ మీద మూతలా ఉండే భాగానికి) పట్టి ఉంచే స్టడ్, అంటే తలలేని బోల్టు, హెడ్‌లోనే విరిగిందని, దాన్ని తీయబోయి మెకానిక్ పక్కకు డ్రిల్ వేసి కన్నం పెద్దది చేశాడని, ఇప్పుడు హెడ్ మార్చమంటున్నాడని రాశారు. మార్చకండి. ఇలాంటి హెడ్ బాగుపడదంటే నేను నమ్మను.

మా నాన్నగారి 2006 స్ప్లెండర్ ప్లస్‌కి అచ్చం ఇదే జరిగింది. మాది బందరు. ఉప్పుగాలికి ఇక్కడ గేటు గొళ్లేలే నిలవవు, రోజూ కాలి చల్లారే సైలెన్సర్ స్టడ్ ఎంతకాలం నిలుస్తుంది? స్టడ్ ఇనుము, హెడ్ అల్యూమినియం. మధ్యలోకి తేమ దిగితే అల్యూమినియం తెల్లటి పొడిగా మారి స్టడ్‌ని సిమెంటులా పట్టేస్తుంది.

మేం వెళ్లింది సైలెన్సర్ ప్యాకింగ్ మార్పించుకోవడానికి, అంతే. నట్టు కదల్లేదని మెకానిక్ పానాకి పొడుగు పైపు తొడిగి బలంగా నొక్కాడు. టక్‌మని స్టడ్ హెడ్ అంచుకి సమంగా విరిగింది. అక్కడ ఆగినా సరిపోయేది. చేత్తో పట్టుకునే డ్రిల్ మిషన్ తెచ్చి, బిట్ జారకుండా పంచ్‌తో చిన్న గుంట కూడా కొట్టకుండా మొదలుపెట్టాడు. నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. ముందు నల్లగా, సన్నగా ఇనప పొట్టు రాలింది. ఉన్నట్టుండి దాని రంగు మారింది. తళతళలాడే మెత్తటి వెండిరంగు పొట్టు, చుట్టలు చుట్టలుగా. బిట్ ఇనుము మీంచి జారి హెడ్‌ని తింటోంది! "ఆపన్నా" అన్నాను. "ఇంకొంచెమే తమ్ముడూ" అంటూ ఆ కన్నంలో ఈజీ ఔట్ (విరిగిన బోల్టుని లోపల్నుంచి పట్టి వెనక్కి తిప్పే పనిముట్టు) పెట్టి తిప్పాడు. అదీ లోపలే విరిగింది. ఈజీ ఔట్ బాగా గట్టి ఉక్కు, మామూలు బిట్ దాన్ని గీకను కూడా గీకలేదు. "ఇక హెడ్ మార్చడమే" అని చేతులు తుడుచుకున్నాడు.

నాకు ఇప్పటికీ మండేది ఇక్కడే. వేడి చేయాలన్న ఆలోచనే ఎవరికీ రాదెందుకు? వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. అందుకే హెడ్‌ని బాగా కాచి, విరిగిన స్టడ్ మీద ఒక నట్టు పెట్టి, నట్టు రంధ్రంలోంచి వెల్డింగ్ పోసి, కాస్త ఆరాక అటూ ఇటూ మెల్లగా తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది. డ్రిల్ చివరి మాట కావాలి, మొదటి మాట కాదు. ఇంకొందరైతే కన్నంలో ఎం-సీల్ కూరి స్టడ్ గుచ్చేస్తారు. సైలెన్సర్ వేడికి అది నెల తిరక్కుండా ఊడిపోతుంది. డబ్బు తీసుకుని అలాంటి పని చేయడం మోసం.

హెడ్ విప్పించి, గోనెసంచిలో చుట్టుకుని, బెజవాడ ఆటోనగర్ బస్సెక్కాను. ఒక లేత్ షాపులో అరవై దాటిన పెద్దాయన కన్నంలోకి టార్చి కొట్టి, చిటికెన వేలి గోరుతో అంచు తడిమి చూశారు. "పోయింది అల్యూమినియమే కదా బాబూ, పోసుకుందాం" అన్నారు.

వాల్వులు విప్పి, హెడ్‌ని మిల్లింగ్ మిషన్ మీద కదలకుండా బిగించి, విరిగిన ఈజీ ఔట్‌ని కార్బైడ్ కట్టర్‌తో కొంచెం కొంచెంగా తినిపించారు. తర్వాత పెట్రోల్‌తో కడిగి, వైరు బ్రష్‌తో రుద్ది, హెడ్ మొత్తం కాచి, అప్పుడు ఆర్గాన్ వెల్డింగ్‌తో కన్నం పూడ్చారు. నూనె మిగిలితే వెల్డింగ్ లోపల బుడగలు పడతాయట. ముఖం చదును చేశాక, బాగున్న రెండో స్టడ్‌కి సైలెన్సర్ ఫ్లాంజ్ (రెండు స్టడ్లకీ తగిలే కన్నాల పట్టీ) తగిలించి కొత్త కన్నం సెంటర్ గుర్తు పెట్టారు. ఆ ఒక్కటీ తప్పితే సైలెన్సర్ మళ్లీ కూర్చోదు. స్టడ్ 6 ఎం.ఎం. అయినా, హెలికాయిల్‌కి చోటు కావాలి కాబట్టి 6.3 బిట్‌తో డ్రిల్ వేసి, మర కోసి, దాన్ని ఎక్కించారు. స్టీలు తీగని స్ప్రింగులా చుట్టి చేసిన మర అది. వెల్డింగ్ వేడికి అల్యూమినియం మెత్తబడుతుంది, అందుకని హెలికాయిల్ లేకుండా వదలొద్దని నేను గట్టిగా చెబుతాను.

అంతా కలిపి 1,600 రూపాయలైంది. కొత్త హెడ్‌కి చెప్పిన ధరలో మూడో వంతు కూడా కాదు. పెద్దాయన దగ్గర నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ కనపడలేదు. ఐటీఐలో టర్నర్ చదివిన మా ఊరి పిల్లలు సెల్‌ఫోన్ షాపుల్లో కూర్చుంటున్నారు. ఈ చేతులు ఆగిపోతే మనకి నిజంగానే కొత్త హెడ్లే దిక్కు.

తెచ్చుకున్నాక ఒక పని మర్చిపోకండి. వాల్వులు బిగించి, పోర్టులో (సైలెన్సర్ తగిలే కన్నంలో) పెట్రోల్ పోసి, కాసేపు ఆగి కింద చెమ్మ దిగుతోందేమో చూడండి. దిగితే వాల్వులు మళ్లీ రుబ్బించాలి. కొత్త ప్యాకింగే వేయండి, రెండు నట్లూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. 6 ఎం.ఎం. స్టడ్‌కి చిన్న పానా చాలు, పైపు తొడగనివ్వకండి.

మా బండి నాలుగేళ్లుగా ఆ హెడ్‌తోనే తిరుగుతోంది. ఏటా వానలకి ముందు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, నాన్న ఆ రెండు నట్లూ విప్పి, కాపర్ గ్రీజు రాసి మళ్లీ బిగిస్తారు.