ఎర్ర రక్తకణాలను పదేళ్లు ఫ్రీజర్‌లో దాచగలిగితే రక్తానికి కొరత ఎందుకు వస్తుంది?

"మిగిలిన రక్తాన్నంతా ఫ్రీజర్‌లో పెట్టేస్తే కావలసినప్పుడు తీసి వాడుకోవచ్చు కదా" అని మీరు అడిగారు. బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఈ మాట రోగుల బంధువులు అడిగారు, కొత్త డాక్టర్లు అడిగారు, ఒకసారి లెక్కలు చూడటానికొచ్చిన ఆడిటరు గారు కూడా అడిగారు. కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు మన భాష మీద ఒక ఫిర్యాదు. దెబ్బ మీద రక్తం గడ్డ అయినా గడ్డకట్టడమే, చలికి మంచులా బిగుసుకున్నా గడ్డకట్టడమే. ఒక రోగి అన్నగారికి ఫోన్లో "గడ్డకట్టిన రక్తం ఉందండీ, సిద్ధం చేస్తున్నాం" అని చెప్పాను. "పాడైపోయింది మావాడికి ఎక్కిస్తారా?" అని ఆయన నా మీద ఇంతెత్తున లేచారు. ఆయన తప్పేం లేదు. అప్పటినుంచి నేను "ఫ్రోజెన్" అనే అంటున్నాను, భాషాభిమానులు క్షమించాలి.

ఇక విషయం. రక్తాన్ని చల్లబరచడం ఏమంత గొప్ప కాదు. బతికి ఉన్న కణాలుగా దాన్ని మళ్లీ బయటికి తేవడంలోనే ఉంది తిప్పలంతా.

నా ఉద్యోగం మొదటి ఏడాది ఎవరో ఒక మామూలు ఎర్రకణాల బ్యాగును పొరపాటున ప్లాస్మా ఫ్రీజర్‌లో పెట్టేశారు. (ఎవరో కాదు, నేనే. ఇన్నేళ్ల తర్వాత దాచేదేముంది.) పొద్దున్నే తీసి కరిగించి చూస్తే రంగు బ్రహ్మాండంగా ఉంది, నిగనిగలాడుతోంది. మా సీనియర్ మేడమ్ ఏమీ అనకుండా బ్యాగు వెనక తన వేలు పెట్టి చూపించారు. వేలు కనిపిస్తోంది. మంచి కణాలున్న బ్యాగులోంచి అవతలిది కనబడదు. కణాలు పగిలి లోపలి హిమోగ్లోబిన్ బయటికొస్తేనే అలా ద్రాక్షరసంలా పారదర్శకంగా అయిపోతుంది. అది మనిషికి ఎక్కిస్తే కిడ్నీలు దెబ్బతింటాయి.

ఎందుకు పగులుతాయంటే, నెమ్మదిగా చల్లబడితే ముందు కణం బయటి నీరు మంచవుతుంది. మిగిలిన కొద్ది నీళ్లలో ఉప్పు చిక్కబడి కణాన్ని పీల్చేస్తుంది. ఎర్రకణాలు చచ్చేది ఈ ఉప్పు దెబ్బకేనని 1953లో జేమ్స్ లవ్‌లాక్ అనే శాస్త్రవేత్త చూపించారు. పోనీ అని మరీ వేగంగా చల్లబరిస్తే కణం లోపలే మంచు ముక్కలు పుడతాయి. రెంటికీ మందు గ్లిజరాల్, అంటే మనం గ్లిజరిన్ అనేదే. దాని సంగతి బయటపడిన తీరు కూడా తమాషానే. లండన్ దగ్గర మిల్ హిల్ పరిశోధనశాలలో క్రిస్టఫర్ పోల్జ్ వాళ్లు కోడిపుంజు వీర్యాన్ని చక్కెర ద్రావణంతో ఫ్రీజ్ చేయబోతే, సీసాల మీది చీటీలు తారుమారై గ్లిజరాల్ పడి పని జరిగిపోయింది. అది 1949లో పత్రికకెక్కింది. మరుసటి ఏడాదే ఆ బృందంలోని ఆడ్రీ స్మిత్ ఎర్రకణాలూ దాంతో బతుకుతాయని చూపించారు. చీటీ మారితే వాళ్లకు చరిత్ర, మాకు మెమో.

ఎక్కువచోట్ల వాడే పద్ధతిలో రక్తం ఇచ్చిన ఆరు రోజుల్లోపే కణాల్లో సుమారు 40 శాతం గ్లిజరాల్ ఉండేలా కలిపి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడతారు. పదేళ్లు అన్నది అక్కడి లెక్క. గ్లిజరాల్ సగం తగ్గించి ద్రవ నైట్రోజన్‌లో పెట్టే పద్ధతీ ఉంది. అంతవరకూ బాగానే ఉంది కానీ, ఆ గ్లిజరాల్ అంతా కడిగి తీసేయకుండా రక్తం ఎక్కించకూడదు. ఆ కడగడం ఏమిటో చెప్పడానికి ఒక రాత్రి సంగతి చెప్పాలి.

ఆపరేషన్ పేషెంటు ఒకామెది బాంబే గ్రూపు. 1952లో బాంబేలో డాక్టర్ భెండే వాళ్లు కనిపెట్టారు కాబట్టి ఆ పేరు. మామూలు పరీక్షలో ఓ గ్రూపులాగే కనిపిస్తుంది. కానీ వీళ్లకు ఓ రక్తం కూడా పడదు, ఇంకో బాంబే గ్రూపు మనిషిదే కావాలి. మా దగ్గర ఫ్రోజెన్ యూనిట్లు రెండు ఉన్నాయి. రెండూ ఒకే దాత ఇచ్చినవి, కొన్ని నెలల తేడాతో. ఆపరేషన్ పొద్దున. ఒక యూనిట్ సిద్ధం చేస్తాను, అవసరం పడితే రెండోది మొదలుపెడతాను అన్నాను. కుర్ర డాక్టరు ఒప్పుకోలేదు. "రెండూ చేసేయండి మేడమ్, ఎందుకైనా మంచిది" అన్నాడు.

ఈ "ఎందుకైనా మంచిది" అనే మాటను బ్లడ్ బ్యాంకుల్లో నిషేధించాలని నా అభిప్రాయం. లోకంలో వృథా అయ్యే రక్తంలో సగం ఈ మాట వల్లే పోతుందని ఘంటాపథంగా చెప్పగలను. లెక్క చూపించమంటే నా దగ్గర లేదు.

వాదించి ఓడిపోయాను. మైనస్ 80లో ఉన్న బ్యాగు గాజులాంటిది, కాస్త తగిలినా చిట్లుతుంది. మా కుర్ర టెక్నీషియన్ ఊపిరి బిగబట్టి తీసుకొచ్చి 37 డిగ్రీల వాటర్ బాత్‌లో పెట్టాడు. "ఇప్పుడు సెలైన్ పోసి కడిగేద్దామా అక్కా?" అన్నాడు. పోస్తే అంతే సంగతులు. కణం నిండా గ్లిజరాల్ ఉంది కాబట్టి పలచటి నీళ్లు తగలగానే గబగబా తాగేసి పగిలిపోతుంది. అందుకని ముందు 12 శాతం ఉప్పునీరు, కాసేపు ఆగి 1.6 శాతం, ఆఖరున కాస్త గ్లూకోజ్ కలిపిన మామూలు 0.9 శాతం సెలైన్. మెట్టు మెట్టుగా దింపాలి, తొందరపడకూడదు. అవతల డ్యూటీ డాక్టరు పది నిమిషాలకోసారి ఫోను చేసి "ఇంకా కరగలేదా?" అంటాడు. కరిగి గంటయింది బాబూ, స్నానం చేయిస్తున్నాం అన్నాను. పెట్టేశాడు.

ఆఖరి కడుగు నీళ్లను లైటుకెదురుగా పట్టుకుని రంగు చూస్తాం. లేత గులాబీ అయితే సరే, ఎర్రగా ఉంటే ఇంకా కణాలు పగులుతున్నట్టే. రెండు బ్యాగులూ గులాబీలోనే ఆగాయి. మళ్లీ క్రాస్‌మ్యాచ్, అంటే ఈ రక్తం రోగికి పడుతుందో లేదో చూసే పరీక్ష, చేసి పంపేసరికి తెల్లారింది. రెండు యూనిట్లకు ఇద్దరు మనుషులు, ఒక రాత్రి. ఇప్పుడు మీ ప్రశ్నకు రండి. యాక్సిడెంటై రక్తం ధారగా పోతున్నవాడికి పది యూనిట్లు కావాలి. వాడు ఆగుతాడా? మామూలు ఫ్రిజ్‌లోది అయితే 42 రోజులు ఉంటుంది, తీసిన నిమిషంలో ఇవ్వచ్చు. మీరన్న "మిగిలిన రక్తం" నేనైతే చూడలేదు. 42 రోజులు రాకముందే అయిపోయేది. నెదర్లాండ్స్ సైన్యం ఫ్రోజెన్ రక్తం మీద నడిచిందంటే, యుద్ధభూమిలో రోజూ దాతలు దొరకరు కాబట్టి. మిగతా చోట్ల ఇది ఎక్కువగా అరుదైన గ్రూపుల వాళ్ల కోసమే.

ఆపరేషన్ బాగా జరిగింది. ఒక యూనిట్ ఎక్కించారు, రెండోది అక్కర్లేదన్నారు. మంచి వార్తే. కానీ కడిగిన యూనిట్‌కు మా పద్ధతిలో ఆయుష్షు 24 గంటలు. మూసి ఉన్న యంత్రంలో కడిగితే 14 రోజులు ఉంటుంది, మాకు ఆ యంత్రం లేదు. కడిగినదాన్ని మళ్లీ ఫ్రీజ్ చేసే ఏర్పాటూ లేదు. తెలిసిన బ్లడ్ బ్యాంకులన్నిటికీ ఫోన్లు చేశాను, బాంబే గ్రూపు పేషెంటు ఎవరైనా ఉన్నారా అని. జబ్బు మనుషుల కోసం వెతుక్కుంటున్నట్టు నాకే సిగ్గేసింది. ఎవరూ లేరు. మర్నాడు పొద్దున లేబుల్ మీద టైము దాటగానే రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో రాసి బ్యాగు పారేశాను.

కొన్ని నెలలకు ఆ దాత ఫోన్ చేశారు. మళ్లీ ఇవ్వడానికి ఎప్పుడు రమ్మంటారు అని. మాటల్లో మాటగా, "అప్పుడెప్పుడో రెండుసార్లు ఇచ్చాను కదమ్మా, ఎవరికైనా పనికొచ్చిందా?" అన్నారు.

వచ్చిందండీ, ఒకామె క్షేమంగా ఇంటికెళ్లింది అన్నాను. రెండో బ్యాగు సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.