జనం ఏమన్నారో టీవీని అడగకు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. 2018 మే 19న ఇంగ్లండ్‌లోని విండ్సర్‌లో జరిగిన బ్రిటన్ రాకుమారుడు హ్యారీ, మేఘన్‌ల పెళ్లికి జనం ఎలా స్పందించారో రాశావు. వాక్యం బాగా నడిచింది, ఆ విషయంలో నీకు టెన్షన్ అక్కర్లేదు. కానీ అందులో ఉన్న మనుషులందరూ టీవీలో కనిపించినవాళ్లే. ముఖానికి జెండా రంగులు పూసుకున్నావిడ, ముందు రోజు రాత్రి నుంచే రోడ్డు పక్కన చోటు పట్టుకున్న పెద్దాయన, మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేసిన అమెరికా టూరిస్టు. వీళ్లని నువ్వు చూడలేదు, నీకు చూపించారు. అందుకే సూటిగా చెబుతున్నాను, రాయాలని ఉంటే టీవీ వార్తలు మానెయ్. తగ్గించడం కాదు, పూర్తిగా మానెయ్.

నేను మానేసింది 2011లో, హ్యారీ అన్న విలియం, కేట్‌ల పెళ్లి అయిన వారంలో. అప్పుడు లండన్‌లోనే ఉన్నాను. ఏప్రిల్ 29, శుక్రవారం, వెస్ట్‌మినిస్టర్ అబేలో పెళ్లి. దానికి ముందు రోజుల తరబడి ఏ ఛానెల్ పెట్టినా పెళ్లికూతురి గౌను ఎవరు తయారు చేశారన్న ఊహాగానాలే. ఆమె ఆ గౌను వేసుకుని బయటికొచ్చేదాకా అది సారా బర్టన్ పని అని అధికారికంగా చెప్పలేదు. అంటే తెలియని విషయం గురించి గంటలకొద్దీ మాట్లాడారన్నమాట. అదే వారంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, ముఖ్యంగా అలబామాలో, టోర్నడోలకి మూడు వందల మందికి పైగా చనిపోయారు. అక్కడి ఛానెళ్ల పెద్ద యాంకర్లు మాత్రం పెళ్లి కోసం లండన్‌కి వచ్చి ఉన్నారు. సిరియాలో నిరసనల్ని అణచడానికి డెరా ఊరి మీదికి ఆ దేశ సైన్యమే దిగింది. ఆ దేశ రాయబారికి ఇచ్చిన పెళ్లి పిలుపుని బ్రిటన్ ఒక రోజు ముందు వెనక్కి తీసుకుంది. నేను చూసిన ఛానెళ్లలో డెరాలో చనిపోతున్నవాళ్ల కంటే ఆ పిలుపు గురించే ఎక్కువ చర్చ నడిచింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ తల్చుకుంటే మండుతుంది.

అయితే నిన్ను మానెయ్యమంటున్నది కోపంతో కాదు. పొద్దున్నే కెమెరాలు ఆన్ అవుతాయి, పెళ్లేమో పదకొండు గంటలకి. మధ్యలో ఏమీ జరగదు, టైం మాత్రం నింపాలి. అప్పుడు జనం స్పందననే వార్తగా చేస్తారు. మైకు మూతి దగ్గర పెట్టి 'మీ ఫీలింగ్ ఏంటి' అని ఎవరిని అడుగుతారు? ఆ వీధిలో నిలబడ్డవాళ్లనే. ఇష్టం ఉండబట్టే కదా వాళ్లు అక్కడికొచ్చింది! మొదటి బంతిలో కూర్చున్నవాళ్లని అడిగి ఊరందరికీ భోజనం నచ్చిందని రాసినట్టు ఉంటుంది అది. బ్యాలెన్స్ కోసం రాచరికం వద్దనే ఒకరిని స్టూడియోకి పిలుస్తారు. ఇక దేశంలో రెండే రకాల మనుషులున్నారని చూసేవాడి బుర్రలో పడిపోతుంది. రాసేవాడి బుర్రలో పడితే మరీ నష్టం.

ఆ 2011లో నేను పనిచేసేచోట అందరూ మాట్లాడుకున్నది దేని గురించో తెలుసా, సెలవుల గురించి. ఆ ఏడాది ఏప్రిల్ 22 గుడ్ ఫ్రైడే, 25 ఈస్టర్ సోమవారం, 29 పెళ్లి సెలవు, మే 2 మేడే సెలవు. మధ్యలో మూడు రోజులు లీవ్ పెట్టుకుంటే వరసగా పదకొండు రోజులు ఖాళీ. రాణిగారంటే గౌరవం ఉన్నవాళ్లు, లేనివాళ్లు అందరూ ఆ లెక్కే వేసుకున్నారు. ఇది కూడా ప్రజా స్పందనే కదా. నాకైతే కథకి పనికొచ్చే స్పందన ఇదే.

అంకెలతో కూడా జాగ్రత్త. 2011 పెళ్లిని ప్రపంచంలో రెండు వందల కోట్ల మంది చూస్తారని పెళ్లికి ముందే ఒక మంత్రి అంచనా చెప్పాడు. తర్వాత చాలామంది దాన్ని జరిగిపోయిన నిజంలా రాసేశారు. నువ్వు రాసిన పెళ్లి సంగతే చూడు. బ్రిటన్‌లో దాదాపు కోటీ ఎనభై లక్షల మంది టీవీలో చూశారు. అంతకు కొద్ది రోజుల ముందు జరిగిన సర్వేలో మూడింట రెండు వంతుల మంది ఆసక్తి లేదన్నారు, ఆ సర్వే చేయించింది రాచరికాన్ని వ్యతిరేకించే సంస్థ. రెండూ నిజమే కావచ్చు. ఆసక్తి లేదని చెప్పి, శనివారం కదా అని ఇస్త్రీ చేసుకుంటూ చూసినవాళ్లు ఎంతమంది ఉంటారో ఆలోచించు. వాళ్లలో ఒక్కరిని పట్టుకున్నా నీ వ్యాసం నిలబడుతుంది.

వార్తలు చూడకపోతే లోకం ఎలా తెలుస్తుందని అడుగుతావు. చదువు. 2011 పెళ్లి రోజు నిరసనకి బయల్దేరినవాళ్లని లండన్ పోలీసులు ముందుగానే అరెస్టు చేసి, పెళ్లి అయ్యాక కేసు పెట్టకుండా వదిలేశారు. వాళ్లలో కొందరు కోర్టుకి వెళ్లారు, 2012లో హైకోర్టులో ఓడిపోయారు, 2017లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. ఆ తీర్పు ఎవరైనా చదువుకోవచ్చు. ఎవరిని ఎందుకు ఆపారు, ఎంతసేపు ఉంచారు, అన్నీ ఉంటాయి (వాళ్లని ఉంచింది సుమారు రెండున్నర గంటల నుంచి ఐదున్నర గంటల వరకు). ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది, నెలంతా టీవీ చూసినా అంత తెలియదు.

మానేసిన కొత్తలో చెయ్యి రిమోట్ కోసం వెతుకుతుంది, నలుగురిలో మాట కలపలేకపోతున్నానని బాధేస్తుంది. ఓర్చుకో. వాళ్లనే అడుగు, ఏం చూశారో చెప్పమను. ఏం చెప్తున్నారో, ఏది మర్చిపోయారో విను. ఫోన్లో వచ్చే వీడియో ముక్కలు కూడా టీవీ వార్తల కిందే లెక్క, వాటినీ వదిలెయ్.

ఇక నీ వ్యాసం. విండ్సర్ వీధుల్లో పడుకునే ఇల్లు లేనివాళ్ల గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశావు. పెళ్లికి ముందు, ఆ జనవరిలో, అక్కడి కౌన్సిల్ నాయకుడు వీధుల్లో అడుక్కునేవాళ్ల మీద చర్య తీసుకోమని పోలీసులని కోరాడు, పెద్ద గొడవైంది, అప్పటి ప్రధాని థెరిసా మే కూడా ఆయనతో ఏకీభవించలేదు. నువ్వుండే చోటికి విండ్సర్ రైల్లో గంట దూరం కూడా కాదు. వెళ్లు. అక్కడి చర్చిల్లో, షాపుల్లో ఆ రోజుల్లో పనిచేసినవాళ్లు ఇంకా ఉంటారు. ఫీలింగ్ ఏంటని అడగొద్దు. ఆ రోజు ఎన్నింటికి లేచారు, ఏం తిన్నారు, ఏ దారిలో పోనిచ్చారు, ఏ దారి మూసేశారు, అవి అడుగు. తిరిగి రాసింది నాకు పంపు, టూరిస్టు పేరా తీసేసి.

ప్రేమతో,
అన్నయ్య