పెళ్లివాళ్లు ఇచ్చే గది తీసుకోవాలా, వేరే చోట దిగాలా?

ఫ్రెండ్ పెళ్లి జరిగే హోటల్లోనే వాళ్లు గది ఇస్తామంటున్నారు, అక్కడే ఉండనా, సొంతంగా వేరే చోట చూసుకోనా అని అడిగారు. వేరే చోటే చూసుకోండి. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

కాలేజీ రోజుల నుంచి కలిసి తిరిగిన ఫ్రెండ్ పెళ్లికి వెళ్లి, పెళ్లికొడుకు కంటే గది సీలింగ్‌నే ఎక్కువసేపు చూసిన మనిషిని నేను. రాత్రంతా ప్రయాణం చేసి పొద్దున్నే దిగితే, చెక్-ఇన్ రెండింటికి అన్నారు. ఆ రూల్ ఎందుకుందో నాకూ తెలుసు. పాతవాళ్లు పదకొండుకో పన్నెండుకో ఖాళీ చేస్తారు, మధ్యలో గదులు శుభ్రం చేసుకోవాలి. కానీ పెళ్లంటే అందరూ ఒకే పూట దిగుతారన్నది కొత్త విషయమా? ముందురోజే కొన్ని గదులు సిద్ధంగా పెట్టుకోవచ్చుగా? చివరికి లాబీ పక్కన బాత్రూంలో ఒంటికాలి మీద నిలబడి పెళ్లి బట్టలు మార్చుకున్నాను.

సాయంత్రానికి గది ఇచ్చారు. సరిగ్గా ఫంక్షన్ హాల్ పైన. ఫొటోల్లో చూసిన గదికీ దానికీ చుట్టరికం కూడా లేదు. వైడ్ యాంగిల్ లెన్స్‌తో తీస్తే అగ్గిపెట్టె కూడా హాల్లా కనిపిస్తుంది మరి. రాత్రి రిసెప్షన్ మొదలైంది, కింద డీజే. నేను త్వరగా పైకి వచ్చి పడుకున్నాను. పాటలు వినిపించలేదు, అది వేరే సంగతి. వినిపించిందల్లా బేస్ ఒక్కటే. మాటల్ని, సన్నటి శబ్దాల్ని గోడలు కొంత ఆపుతాయి. బేస్ అలా ఆగదు, స్లాబ్‌లోంచి పాకి నేరుగా మంచం కోళ్లలోకి వస్తుంది. టేబుల్ మీద గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి. నిద్ర చెడకుండా ఉండాలంటే పడకగదిలో శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. నా గదిలో ఎంతుందో నేను కొలవలేదు, ఆ గ్లాసును చూస్తే చాలు.

పన్నెండు దాటాక రిసెప్షన్ డెస్క్‌కి ఫోన్ చేశాను. కింద గోల భరించలేకపోతున్నాను, కాస్త తగ్గించమని చెప్పండి అన్నాను. అతను ఎంతో మర్యాదగా, "సార్, అది మీ ఫంక్షనే కదండీ" అన్నాడు.

నిజమే, మా ఫంక్షనే. సరే, కనీసం గదైనా మార్చండి అన్నాను. "బుకింగ్ పెళ్లివారి పేరు మీద ఉందండీ, వాళ్లతో ఒక్క మాట చెప్పించండి." అంటే నేను కిందికి వెళ్లి, స్టేజీ మీద ఫొటోలు దిగుతున్న పెళ్లికొడుకు చెవిలో "ఒరేయ్, నాకు నిద్ర పట్టట్లేదు" అని చెప్పాలన్నమాట!

నేను వేరే చోట దిగమనేది ఇందుకే. డబ్బు వేరొకరు కట్టిన గదిలో మీరు కస్టమర్ కారు, సామాను లాంటివాళ్లు. ఏసీ తగ్గకపోయినా, వేడినీళ్లు రాకపోయినా నోరు విప్పలేరు. మర్నాడు వాడు "రూమ్ బాగుందారా?" అంటే "సూపర్ రా" అన్నాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది, మీకు తెలిసే ఉంటుంది, ఇక్కడ పూర్తిగా రాయను.

అసలు కొత్త చోట మొదటి రాత్రి చాలామందికి సరిగ్గా నిద్ర పట్టదు. బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో దీని మీద పరిశోధన ప్రచురించారు. కొత్త చోట మొదటి రాత్రి గాఢనిద్రలో మెదడులో ఒక సగం రెండో సగమంత గాఢంగా నిద్రపోదట, కాపలా కాస్తున్నట్టు ఉంటుందట. ఆ కాపలా సగానికి తోడు కింద డీజే కూడా దేనికి? పైగా తాళం కార్డు తీస్తే కరెంటు మొత్తం పోతుంది, ఫోన్ ఛార్జింగ్ పెట్టి కిందికి వెళ్దామంటే కుదరదు. ఛార్జింగ్ పాయింట్ కూడా మంచానికి అవతలి గోడకే ఉంటుంది. ఇలా కట్టినవాళ్లు ఎప్పుడూ హోటల్లో పడుకోలేదని నా గట్టి నమ్మకం. పెళ్లివాళ్లకి గుంపుగా ఇచ్చే గదులు మామూలుగా అమ్ముడుపోనివే అన్నది నా ఇంకో నమ్మకం. రుజువు అడగకండి.

వద్దంటే ఫ్రెండ్ నొచ్చుకుంటాడేమో అనుకుంటున్నారా? ముందే చెబితే నొచ్చుకోడు, నిజానికి వాడికే లాభం. ఇలా గుంపుగా గదులు తీసుకున్నప్పుడు చాలా హోటళ్లు ఒక గడువు పెడతాయి. ఆలోపు వద్దనుకున్న గదులు వెనక్కి ఇచ్చేయొచ్చు. గడువు దాటాక ఎక్కువ గదులు ఖాళీగా మిగిలితే వాటికీ డబ్బు కట్టించుకునే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. అందుకే శుభలేఖ చేతికి రాగానే చెప్పేయండి. రాత్రి ఆఫీసు కాల్ ఉందనండి, ఎవరూ తరచి అడగరు.

ఇప్పటికే ఒప్పేసుకుని ఉంటే మాత్రం, హాల్ ఏ అంతస్తులో ఉందో కనుక్కుని దానికి వీలైనంత దూరంగా ఉన్న గది అడగండి. లిఫ్ట్ పక్కది వద్దు, పక్కగదికి మధ్యలో తలుపున్నది అసలే వద్దు. ఈ అడగడమేదో తాళం చేతికి తీసుకునేటప్పుడే కానివ్వండి. అర్ధరాత్రి ఫోన్ చేస్తే గదులన్నీ నిండిపోయి ఉంటాయి, డెస్క్ దగ్గర ఉన్న అబ్బాయికి మార్చే అధికారం కూడా ఉండదు.